రుచి చూడని కేకు

"రేపు పొద్దున పదింటికి తెస్తాడా? రేపు తెచ్చి ఎవరి ముందు పెడతాడే!"

పంది మాంసం ముక్కలు గుచ్చుతున్న వెదురుపుల్ల చేతిలో ఉండగానే మల్సున్ లేచి వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. నారే ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది. అవతల బేకరీ ఆయన ఏదో సర్దిచెబుతున్నాడు. "సరేనండీ, సరేనండీ" అని నాలుగుసార్లు అని ఆమె ఫోను పెట్టేసింది.

"నాదే పొరపాటు అత్తయ్యా. ఏ రోజుకి కావాలని అడిగితే మామయ్యగారు పోయిన తిథి చెప్పాను. అది రేపే కదా అని..."

"రేపే. నేను కాదన్నానా? ఇవాళ రాత్రి పన్నెండు దాటగానే రేపు కాదూ? పోయిన రోజు మొదటి గడియలో పెట్టాలి ఆయనకి. చుట్టాలు ఇవాళ సాయంత్రమే దిగుతున్నారు. అందరూ తిని, మూతులు తుడుచుకుని, ఎవరిళ్ళకి వాళ్ళు పోయాక వస్తుందా నీ కేకు?"

నారే తల వంచుకుంది.

ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయిన కోడలు చేయవలసిన పొరపాటు కాదు. అలాగని తప్పంతా ఆమె నెత్తిన రుద్దడం కూడా న్యాయం కాదు. నారే పుట్టిన ఆందోంగ్ సముద్రానికి అవతల ఉంది. అక్కడ పెద్దలకి బియ్యప్పిండి రొట్టెలే పెడతారు. బేకరీ కేకు పెడితే తాతముత్తాతలు వడ్డన దగ్గర్నుంచి లేచిపోతారని వాళ్ళ నమ్మకం. ఈ జేజు ద్వీపంలో వరి ఎప్పుడూ అంతంతమాత్రమే కాబట్టి, ఇక్కడి పెద్దలు రొట్టెకీ కేకుకీ ఏనాడో అలవాటుపడిపోయారు. పెళ్ళయిన కొత్తలో తద్దినం బల్ల మీద తేనెరంగు స్పాంజి కేకు చూసి నారే, "ఇవాళ పుట్టినరోజెవరిది?" అని అడిగింది. ఆ ముక్క చెప్పుకుని వీమి ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

ఇన్నేళ్ళూ బేకరీకి కేకు చెప్పే పని మల్సున్‌దే. ఈసారి, "నీ మామగారి మొదటి తద్దినం. కేకు సంగతి నువ్వు చూసుకో" అని పెత్తనం అప్పగించింది. అప్పగించినందుకు ఇప్పుడు తనని తానే తిట్టుకుంటోంది.

"మీ అబ్బాయికి ఫోన్ చేసి పట్నంలో కొనుక్కురమ్మననా అత్తయ్యా?"

"వాడి కారులో వాళ్ళ మేనత్త ఉంది. సమాధి దగ్గరకి తీసుకెళ్ళి, అక్కణ్ణించి చేప తీసుకుని ఐదింటికి వస్తారు. ఆవిడ వింటుండగా 'కేకు రాలేదు, దార్లో ఏదో ఒకటి కొను' అని చెబుతావా? చెప్పు. నీ ధైర్యం."

నారే ఫోను బల్ల మీద పెట్టేసింది. ఆ ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ మేనత్త పేరు ఛున్‌హ్వా, పోయినాయనకి అక్క. డెబ్భై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు సముద్రంలో మునిగి నత్తలు ఏరిన మనిషి. నీళ్ళ ఒత్తిడికి చెవులు మందగించి, ఒడ్డు మీద కూడా కేకలేసే మాట్లాడుతుంది. నిరుడు తమ్ముడు పోయినప్పుడు, కాల్చడానికి ఆయన బట్టలు సర్దుతూ, తోటకి వేసుకెళ్ళే కోటు జేబులోంచి కాగితంలో చుట్టిన కేకు ముక్క బయటికి తీసింది. నల్లచారల ముక్క. ఎండి చెక్కలా ఉంది. తొమ్మిదేళ్ళుగా చక్కెర జబ్బుతో ఉన్న మనిషి జేబులో కేకు! "ఈ ఇంట్లో ఎవరో నా తమ్ముడి నోట్లో విషం పెట్టారు. ఎవరో తేలేదాకా నేను ఊరుకోను" అని శవం ముందే అరిచింది. ఊరుకోలేదు కూడా. ఈ ఏడాదిలో ఆవిడ ఈ గుమ్మం తొక్కిన ప్రతిసారీ ఆ ప్రశ్న అడిగే వెళ్ళింది.

కాయ కోతకి వచ్చిన కూలివాళ్ళెవరో ఇచ్చి ఉంటారని మల్సున్ అనుకుంది. ఏడుపుల మధ్య ఆ ముక్కని సరిగ్గా చూడనూ లేదు, తర్వాత తరచి అడగనూ లేదు. ఆమె మనసులో మెదిలే కేకు ముక్క వేరే ఉంది.

"నేను చేస్తానత్తయ్యా" అంది నారే ఉన్నట్టుండి.

"ఏమిటీ?"

"కేకు. ఇప్పుడు రెండు కూడా కాలేదు. గుడ్లున్నాయి, పిండి ఉంది. నాలుగింటికల్లా అయిపోతుంది."

"నలుగురూ చూసి నవ్వేట్టు చేస్తే?"

"అసలు లేకపోతే ఇంకా నవ్వుతారు కదా."

మల్సున్ వెళ్ళి ఈతచాప మీద కూర్చుని మళ్ళీ మాంసం గుచ్చడం మొదలుపెట్టింది.

నారే వెనక షెడ్డులోకి వెళ్ళి ఏడు కమలాలు తెచ్చింది. ఇంటి వెనక చెట్టువి. అమ్మకానికి పోయే కాయల్లా మైనం పూసి మెరిపించినవి కావు. కడిగి, తొక్క తియ్యకుండా అలాగే మరుగుతున్న నీళ్ళలో వేసింది. కాసేపటికి ఇల్లంతా కమలా తొక్క వాసన కమ్ముకుంది. బయట డిసెంబరు గాలి రాతిగోడ సందుల్లోంచి ఈలలు వేస్తోంది. మల్సున్‌కి ఒక్క క్షణం బాగానే అనిపించింది. ఆయన తోటలో కాసిన కమలాలు ఆయన బల్లమీదకే వస్తాయి, మంచిదే అనుకుంది. అనుకుంటూ తలెత్తి చూసేసరికి నారే పలక మీద నల్లటి చాక్లెట్ అచ్చు పెట్టి కత్తితో ముక్కలు కొడుతోంది.

"అదేమిటి?"

"చాక్లెట్ అత్తయ్యా."

"చాక్లెట్టని కనబడుతూనే ఉంది. ఎందుకని అడుగుతున్నా."

"కేకులోకి."

"నల్ల కేకు పెద్దల ముందు పెడతారటే? చూసినవాళ్ళు మాడబెట్టి తెచ్చారనుకుంటారు."

"సగమే నలుపు. సగం కమలా రంగులోనే ఉంటుంది. మామయ్యగారికి చాక్లెట్ ఇష్టం కదా."

"ఇష్టమైనవన్నీ పెడతామా? సిగరెట్లూ ఇష్టమే. ఒకటి ముట్టించి పెట్టు మరి!"

"పక్కింటివాళ్ళు వాళ్ళ తాతగారికి పాల కాఫీ పెట్టరా? మీరే చెప్పారు."

"వాళ్ళ గొడవ మనకెందుకు? ఆ కేకు వద్దంటే వద్దు. ఆయన బల్ల మీద ఆ కేకు పెట్టడానికి వీల్లేదు!"

గొంతు మరీ పెద్దదయిందని మల్సున్‌కే తెలిసింది. నారే కత్తి ఆపి అత్తగారి వైపు చూసింది. అత్తగారి కేకలు ఆమెకి కొత్తకాదు. చాక్లెట్ వైపు చూడకుండా మొహం తిప్పుకుని కేకలెయ్యడం మాత్రం కొత్త.

నిరుడు మనవరాలు యేబిన్ పుట్టినరోజుకి నారే ఈ కేకే చేసింది. అందరూ కూర్చుని తింటున్నారు. పిల్ల చెంగున గెంతి వెళ్ళి ఓ ముక్క తాత చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నోటిదాకా తీసుకెళ్ళాడు. మల్సున్ ఒక్క అంగలో వచ్చి ఆ ముక్క లాక్కుని, చెత్తబుట్టలో పడేసింది. "బుద్ధుండాలి. పసిపిల్లకన్నా అన్యాయం" అని కూడా అంది, అందరి ముందూ. ఆయన వేళ్ళకి అంటిన చాక్లెట్ చూసుకుని, రుమాలుతో తుడుచుకున్నాడు. నాక్కోలేదు, తుడుచుకున్నాడు. సరిగ్గా పదకొండు రోజులకి, ఆదివారం పొద్దున, కమలా చెట్ల మధ్య కూలిపోయాడు.

ఆ వేళ్ళు తుడుచుకోవడం మల్సున్ కళ్ళముందు నుంచి పోవడం లేదు. తొమ్మిదేళ్ళు ఆయన్ని కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడాననుకుంది. చివరికి ఆకలితో పంపాననుకుంటోంది. ఆ సంగతి కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. ఆ కేకే ఇవాళ ఆయన ఫొటో ముందుకి వచ్చి కూర్చుంటే, ఆయన తనని ఏమడుగుతాడో అని ఆమె భయం.

"అత్తయ్యా, నాకు చేతనైన కేకు ఇదొక్కటే" అంది నారే నెమ్మదిగా. "స్పాంజి కేకు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అప్పడంలా అయింది. మీరే కుక్కకి వేశారు."

"కుక్క కూడా వాసన చూసి వదిలేసింది."

"అందుకే చెబుతున్నా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కేకు లేకపోతే ఛున్‌హ్వా నోరు ఊరుకోదు. ఉంటే తన మనసు ఊరుకోదు. మల్సున్ గోడ గడియారం వైపు చూసింది. రెండున్నర.

"చెయ్యి, చేసి ఏడు. బల్ల మీద పెట్టేదీ లేనిదీ తర్వాత చూద్దాం."

నారే ఉడికిన కమలాలు తీసి ఆరబెట్టింది. తొక్కతోనే మిక్సీలో వేసి మెత్తగా తిప్పింది. ఆరు గుడ్లు పగలగొట్టి నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. నూనె పోసింది. పిండి జల్లించింది. చాక్లెట్ గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టింది. కలిపిన పిండిని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో కరిగిన చాక్లెట్ కలిపింది.

మల్సున్ మాంసం గుచ్చుతూ ఓరకంట చూస్తోంది. చూసేకొద్దీ ఏదో తేడాగా అనిపిస్తోంది. ఏ కొత్త వంట చేసినా నారే ఫోను చూసుకుంటూ, కప్పులు కొలుచుకుంటూ, నాలుగుసార్లు నాలిక కరుచుకుంటూ చేస్తుంది. ఇవాళ ఫోను బోర్లా పడి ఉంది. కప్పు బయటికే తియ్యలేదు. మల్సున్ నలభై ఏళ్ళుగా ముల్లంగి పచ్చడి కలుపుతున్నట్టు, ఆమె చేతులు వాటంతట అవే పోతున్నాయి. ఏడాదికోసారి పుట్టినరోజుకి చేసే వంట చేతులకి ఇంతలా అలవాటవుతుందా?

"పంచదార అంతేనా?" అంది మల్సున్. "పిల్ల పుట్టినరోజుకి దీనికి మూడింతలు గుమ్మరించావు. నేను చూశాను."

"దీనికి ఇది చాలు. కమలా తీపి సరిపోతుంది."

"చేదుగా వస్తే? రుచి చూడ్డానికి లేదు, గుర్తుందా? పెద్దలు తినకముందు మనం నాలిక మీద వేసుకోకూడదు. ఎలా తెలుస్తుంది నీకు?"

"రుచి చూడక్కర్లేదత్తయ్యా. మామయ్యగారికి ఎప్పుడూ ఇంతే వేసేదాన్ని."

అనేసింది. అన్నాక గరిటె గిన్నెలో నిలిచిపోయింది.

మల్సున్ పుల్లకి గుచ్చబోయిన మాంసం ముక్క అలాగే పట్టుకుని ఉంది. వేడినీళ్ళ గిన్నె మూత టకటకమని కొట్టుకుంటోంది.

"ఎప్పుడూ అంటే?" అంది మల్సున్.

నారే రేకు గిన్నెలోకి ఓ గరిటె పసుపురంగు పిండి, ఓ గరిటె నల్ల పిండి వంతులవారీగా పోసి, ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసింది. ఆ పని అయ్యేదాకా ఇటు తిరగలేదు. తర్వాత వచ్చి అత్తగారి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"శనివారాలు" అంది. "మీరు మీ స్నేహితురాళ్ళతో ఊళ్ళో వేడినీళ్ళ స్నానాల ఇంటికి వెళ్ళేవారు కదా. అప్పుడు. చిన్న గిన్నెలో చేసి, షెడ్డులోకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని."

"ఎన్నాళ్ళు?"

"నిరుడు మార్చి నుంచి."

"మార్చి." మల్సున్ వేళ్ళు మడిచింది. "మార్చి, ఏప్రిల్... డిసెంబరు దాకానా? తొమ్మిది నెలలు?"

"పంచదార తగ్గించి చేశానత్తయ్యా. చేదు చాక్లెట్టే వేశాను. ఒక్క ముక్కే ఇచ్చేదాన్ని. మామయ్యగారు ఒకరోజు షెడ్డులో కూర్చుని, 'అమ్మాయ్, నేను పోయాక బల్ల నిండా కేకులు పెడతారు. నోరున్నప్పుడు ఒక్క ముక్క పెడితే ఏం పోయింది?' అన్నారు. నాకు కాదనడానికి నోరు రాలేదు."

"నాకు వచ్చింది! తొమ్మిదేళ్ళు వచ్చింది!" మల్సున్ చేతిలో ముక్క పళ్ళెంలోకి విసిరింది. "నేను గయ్యాళిదాన్ని, నువ్వు పుణ్యాత్మురాలివి. నేను తిట్టి చేదు మందులు పోస్తుంటే, మీరిద్దరూ షెడ్డులో కూర్చుని పండగ చేసుకున్నారు. నన్ను చూసి నవ్వుకున్నారు కదూ?"

"నవ్వుకోలేదు."

"ఎందుకు నవ్వుకోరు? నేనైతే నవ్వుతాను!"

నారే కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు పిండిగా ఉన్నాయి.

"నేను చంపానా అత్తయ్యా?" అంది. "ఏడాదిగా రోజూ నాకు ఇదే. పిన్నిగారు వచ్చి 'ఎవరు పెట్టారు' అని అడిగినప్పుడల్లా నా గుండె జారిపోతుంది. మీ అబ్బాయికి చెప్పలేదు. డాక్టరుని అడుగుదామని రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అడిగితే అవునంటాడేమోనని. మీరు చెప్పండి. నేనే చంపానా?"

మల్సున్‌కి ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. అదే సమయంలో, ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువేదో కొద్దిగా పక్కకి జరిగింది. ఆయన ఆకలితో పోలేదు. ఆయన కేకు తిన్నాడు. తొమ్మిది నెలలు, వారం వారం, కడుపారా తిన్నాడు. ఆ సంగతికి తనకి ఊరట కలిగినందుకు ఆమెకి సిగ్గేసింది. పెళ్ళాం అన్నాక మొగుడి జబ్బు ముదిరిందని విని ఊరట పడుతుందా ఎవరైనా? కానీ కలిగింది. కలిగిందాన్ని లేదనుకోవడం ఎలా?

"ఆ పుట్టినరోజు తర్వాత కూడా ఇచ్చావా?" అంది చివరికి. "నేను లాక్కున్న తర్వాత?"

"ఇచ్చాను."

"ఏమన్నాడు నన్ను?"

నారే వేళ్ళకి అంటిన పిండి గోటితో గీకింది.

"తిట్టాడా? తిడితే తిట్టాడని చెప్పు. వినడానికి సిద్ధంగానే ఉన్నా."

"తిట్టలేదత్తయ్యా. నవ్వారు. 'మీ అత్త చెయ్యి చూశావా, ఎంత బలమో? ఆ చెయ్యి నన్ను ఇంకో ముప్పై ఏళ్ళు బతికించేట్టుంది' అన్నారు."

మల్సున్ తన చెయ్యి చూసుకుంది. మాంసం జిడ్డుతో మెరుస్తోంది. దాన్ని మసిగుడ్డకి తుడిచి, మళ్ళీ తుడిచి, మళ్ళీ తుడిచింది.

"ఆఖరి శనివారం రెండో ముక్క అడిగారు" అంది నారే. "ఎప్పుడూ అడిగేవారు కాదు. నేను ఇవ్వనన్నాను. 'నాక్కాదే, మీ అత్తకి. ఎప్పుడూ నోరు కట్టుకునే ఉంటుంది నాతోపాటు. ఇంట్లో తీపి ఉంటే నాకు ఆశ పుడుతుందని తనూ తినడం మానేసింది. రేపు తోటలో పని అయ్యాక ఇస్తాను, ఇచ్చి అంతా ఒప్పుకుంటాను, నాలుగు తిట్లు తింటాను' అన్నారు. కాగితంలో చుట్టి ఇచ్చాను. కోటు జేబులో పెట్టుకున్నారు."

ఆ మాట విన్నాక మల్సున్ ఏడ్చింది. ఆయన పోయిన రోజు నలుగురి మధ్యా పెద్దగా ఏడ్చింది. పెద్ద ఇంటి ఇల్లాలు అలా ఏడవాలి కాబట్టి. ఇప్పుడు శబ్దం రాలేదు. నోరు తెరిచి కూర్చుంది, అంతే. నారే జరిగి దగ్గరకి రాబోయింది. మల్సున్ చెయ్యి అడ్డం పెట్టింది.

"రాకు. నీ మీద కోపం పోలేదు నాకు."

"సరే అత్తయ్యా."

"పోతుందో లేదో కూడా చెప్పలేను."

"సరే."

"చంపావా అని అడిగావు. నాకు తెలీదు. చక్కెర చంపిందో, చలి చంపిందో, డెబ్భై నాలుగేళ్ళ వయసు చంపిందో. నాకు తెలిస్తే నేనే బతికించుకునేదాన్ని." కాస్త ఆగి, "కేకు మాడుతోంది, చూడు" అంది.

మాడలేదు. నారే సన్నటి పుల్ల గుచ్చి చూసి, గిన్నె బయటికి తీసింది. నడిమధ్య కొద్దిగా పగిలింది. పసుపూ నలుపూ చారలు ఒకదాంట్లోకి ఒకటి ఒదిగి ఉన్నాయి. చల్లారాక మిగిలిన చాక్లెట్ కరిగించి పైన పోసింది. పగులు కనబడకుండా పోయింది.

మల్సున్ లేచి వచ్చి, చేతులు కట్టుకుని, దానికేసి చాలాసేపు చూసింది. ఏం రుచి ఉంటుందో ఆమెకి తెలియదు. ఈ కేకు ఆమె ఒక్కసారీ తినలేదు. ఇవాళైనా ఆయన తిన్నాకే.

"పెద్ద పళ్ళెం తియ్యి" అంది. "కాళ్ళున్న చెక్క పళ్ళెం. మధ్యలో పెట్టు. పళ్ళకన్నా ముందు వరసలో."

నారే నమ్మలేనట్టు చూసింది.

"చూస్తావేం? బయట కారు ఆగింది."

నిజంగానే కారు ఆగింది. తలుపు వెయ్యకముందే ఛున్‌హ్వా గొంతు వినబడింది. సమాధి మీద గడ్డి సరిగ్గా కొయ్యలేదని మేనల్లుడిని దులిపేస్తోంది. మల్సున్ కొడుకు కీబొమ్ చేప పట్టుకుని, కుక్కిన పేనులా వెనకే వస్తున్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, తడి గొడుగు గోడకి ఆనించి, నేరుగా ముందుగదిలోకి వచ్చింది. తమ్ముడి ఫొటోకి తల వంచి, బల్ల మీద ఏమేం పెట్టారో ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.

"మాంసం బాగుంది. కొండకూర బాగుంది. పండ్లకి పైన చెక్కు తీశారా? తీశారు..."

కేకు దగ్గర ఆగింది. వంగి వాసన చూసింది. పక్కన ఉన్న కత్తి తీసుకుంది.

"పెద్దలు తినకముందు కొయ్యకూడదు వదినా!" అంది మల్సున్.

"తినడానికి కాదు, చూడ్డానికి." అంచున సన్నగా కోసి, ఆ పలుచటి చీలికని దీపం కింద పెట్టి చూసింది. పసుపు, నలుపు, పసుపు, నలుపు. ఆవిడ మొహంలో రంగులు మారాయి.

"ఇదే" అంది. ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదయింది. "వాడి జేబులో ఉన్నది ఇదే. ఈ చారలు నేను చచ్చేదాకా మరిచిపోను. ఎవరు చేశారు ఈ కేకు?"

కీబొమ్ పెళ్ళాం వైపు చూశాడు. నారే మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. పెదవులు కదిలాయి. "పిన్నిగారూ..." అని మొదలుపెట్టింది.

"నేనే" అంది మల్సున్.

గదిలో అందరూ ఆమెకేసి తిరిగారు.

"నువ్వా?"

"నేనే చేశాను వదినా."

"అప్పుడు?"

"అప్పుడూ నేనే. అడిగాడు, పెట్టాను. నలుగురి ముందూ లాక్కునేదాన్ని, చాటుగా పెట్టేదాన్ని. నా మొగుడు, నా ఇష్టం."

"అత్తయ్యా!" అంది నారే.

"నువ్వు నోరు మూసుకుని చేప కడుగు."

ఛున్‌హ్వా కత్తి కింద పెట్టింది. కోపంతో ఊగిపోతుందని అందరూ అనుకున్నారు. ఊగిపోలేదు. మల్సున్ దగ్గరకి వచ్చి, ఆమె మొహంలోకి తేరిపార చూసింది. సముద్రం అడుగున చీకట్లో రాయేదో నత్తేదో కనిపెట్టిన కళ్ళవి.

"సరే" అంది. "నాకు చెప్పింది చాలదు. రాత్రి దీపాలు వెలిగించాక, మొదటి గిన్నె కల్లు పోశాక, వాడి ఫొటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇదే మాట వాడితో చెప్పు. 'ఈ కేకు నేనే పెట్టాను' అని నోరారా చెప్పు. నీ నోట్లోంచి ఆ మాట వస్తే, ఇంక నేను ఈ జన్మలో ఎవర్నీ అడగను. రాకపోతే, ఎవరు పెట్టారో రాత్రికి రాత్రే తేలుస్తాను."

నారే చేతిలో చేప నుంచి నీళ్ళు కారి గట్టు మీద పడుతున్నాయి. మల్సున్ అటు చూడలేదు. ఫొటో వైపు చూసింది. తోట కోటులోనే ఉన్నాడాయన, ఎండకి కళ్ళు చికిలించి.

"చెబుతాను" అంది.

నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని తిట్టని రోజు లేదు. ఆయనతో అబద్ధం ఆడిన రోజూ లేదు.